టుపీ మాషీ సీనియారిటీ

గేటు దాటగానే ఎడమవైపు మూడో చోటు. ఇరవై మూడేళ్లుగా ఆ రైల్వే ఊళ్లో జరిగే శీతాకాలం మేళాలో ఏంజలిన్ ఊలు టోపీలు అమ్మేది అక్కడే. దసరా వెళ్లగానే గోల్‌బజార్‌లో ఊలు కొనుక్కొచ్చి అల్లడం మొదలుపెడితే, మేళా నాటికి మూట నిండేది. మేళాలో అమ్ముడైందే ఆమెకు ఏడాది తిండి. ఊళ్లోని బెంగాలీలు మొదట్లో ఆమెను టుపీ దీదీ, అంటే టోపీల అక్క, అని పిలిచేవారు. జుట్టు నెరిసేసరికి టుపీ మాషీ, టోపీల పిన్ని, అయింది.

ఈ ఏడు మేళాకు ముందురోజు మధ్యాహ్నం టోపీల మూట టోటో రిక్షాలో వేసుకుని వచ్చేసరికి ఆ చోట్లో రేకుల షెడ్డు లేచి ఉంది. లోపల ప్లాస్టిక్ తలలు వరసగా నిలబెట్టి, వాటికి మిషన్ టోపీలు తొడుగుతున్నారు.

కమిటీ సెక్రటరీ హరిబాబు అక్కడే తిరుగుతున్నాడు. అతని తాతా, ఏంజలిన్ తండ్రీ రైల్వే వర్క్‌షాపులో ఒకే షాపు వాళ్లు. ఆ వరసతో ఆమెను అత్తా అంటాడు.

"ఒరే హరీ, నా సోట్లో ఈ రేకులేటిరా?"

"కార్డుందా అత్తా?"

"ఏటి కార్డు?"

"హాకర్ కార్డు. అది నేకపోతే లోపల సోటివ్వద్దని ఈ ఏడు కమిటీ రూలెట్టినాది."

"నాకు కార్డెందుకురా? ఇరవై మూడేళ్ల సర్వీసు నాది. సీనియారిటీ లిస్టు తీసి సూడు, నాకన్నా ముందెవుడున్నాడో!"

హరిబాబు నవ్వాడు. "ఇదేటి వర్క్‌షాపా అత్తా, సీనియారిటీ సూడ్డానికి?"

వెటకారంగా నవ్వలేదు. కానీ అది ఆమె పుట్టింట్లో ఎవరూ అనని మాట.

ఏంజలిన్ తండ్రి జాకబ్ రివెట్లు కొట్టిన మనిషి. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలోని ఆ ఇంట్లో బైబిల్ తర్వాత అంతటి మాట సీనియారిటీ. క్వార్టరు ఎవరికి రావాలి, ప్రమోషన్ ఎవరికి దక్కాలి, అన్నిటికీ అదే లెక్క. ఒకసారి పై అధికారి తన మనిషిని వరస దాటించబోతే షాపు మొత్తం పనిముట్లు కింద పెట్టేసింది. కార్మికులు కొట్లాడి తెచ్చుకున్న హక్కది. అయితే ఆ హక్కు రిజిస్టరులో పేరున్నవాళ్లకే. ఆమె మొగుడు సుందర్ రాజు అదే వర్క్‌షాపులో కాంట్రాక్టరు కింద పద్నాలుగేళ్లు పనిచేసి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. అతని పద్నాలుగేళ్లు ఎవరి లెక్కలోకీ రాలేదు. ఇంట్లో కూర్చుని ఆడది అల్లే టోపీ అసలు పనే కాదు మన దేశంలో, ఇక దానికి సర్వీసెక్కడిది? ఇంత జరిగాక కూడా ఏంజలిన్ మనసులోంచి తండ్రి నేర్పిన లెక్క పోలేదు. ఎన్నేళ్లు చేస్తే అంత హక్కు అనుకుంది.

కార్డు రాక కాదు, ఆమే వద్దంది. రెండేళ్ల కిందట వీధి వ్యాపారుల పేర్లు రాసుకోవడానికి మునిసిపాలిటీ మనుషులు వచ్చారు. తాల్‌బగీచాలో గాజులు, క్లిప్పులు అమ్మే నీలవేణి పరుగున వచ్చి పిలిచింది.

"అక్కా, బేగి రా! ఫొటో తీసి పేరు రాసేసుకుంతన్నారు."

"నేనేటి హాకర్నా? జాకబ్ రివెటర్ కూతుర్ని. ఫుట్‌పాత్ లిస్టులో పేరెక్కించుకుంతానా? పోవే, నువ్వు రాయించుకో."

ఆ పేర్లు రాయించుకోవడానికి అంతకుముందు నీలవేణి వాళ్లు మూడుసార్లు ఊరేగింపు తీశారు. ఒకసారి లాఠీలు కూడా తిన్నారు. ఏంజలిన్ కిటికీలోంచి చూసింది. రైల్వే రక్తం ఉన్నవాళ్లు రోడ్డు మీద అమ్ముకునేవాళ్ల పక్కన నిలబడరు. పనివాళ్ల మధ్య గీసిన ఈ గీతే పెద్దవాళ్లకు కలిసొస్తుంది. దానికి కాపలా మాత్రం మనమే కాస్తాం.

మొదటి రెండు రోజులు ఏంజలిన్ గేటు బయట, సైకిల్ స్టాండు పక్కన గోనె పరుచుకు కూర్చుంది. అక్కడ దీపం లేదు. ఆగేవాళ్లు లేరు. రెండోరోజు సాయంత్రం, ఏటా మనవళ్లకు టోపీలు కొనే ముసలాయన ఒకడు లోపలినుంచి మిషన్ టోపీల ప్లాస్టిక్ సంచితో వచ్చి ఆమెను చూసి నిలబడిపోయాడు.

"మాషీ! నువ్వున్నావా? చోట్లో కనబడకపోతే పోయావనుకున్నాం," అన్నాడు బెంగాలీలో. సంచిని పంచె చాటుకు తిప్పుకుని, సిగ్గుపడుతూ వెళ్లిపోయాడు.

మూడోరోజు నీలవేణే వచ్చింది. మెడలో కార్డు వేలాడుతోంది.

"ఏటక్కా, రివెటర్ గారి కూతురు సైకిళ్ల కాడ కూకున్నాదేటి?"

ఏంజలిన్ గోనె మీది టోపీలు మళ్లీ సర్దుకుంది.

"మేం దెబ్బలు తిన్ననాడు వొచ్చుంటే నీ మెళ్లోనూ ఇదుండును గదా. ఇంకా ఎనిమిది రోజులున్నాది మేళా. ఆ మూట ఇలాతే, లోపల నా పందిట్లో ఏలాడదీస్తాను. నా కార్డు మీద చిల్లర సామానని రాసున్నాది. ఏటైనా అమ్ముకోవొచ్చు."

"ఇద్దరం కూకుందారే."

"కార్డుకి ఒకలే కూకోవాల. ఇంకొకల్ని కూకోబెడితే నా కార్డు లాగేస్తారక్కా. నువ్వు పందిరి ముందర తాడు అవతల నిలబడు, సూడ్డానికి వొచ్చినట్టు."

గాజుల పందిరి వెదురుకు టోపీలన్నీ నీలవేణే వేలాడదీసింది. నెల పిల్లలవీ, ఏడాది పిల్లలవీ కలగలిపి కట్టేసింది. అలా కాదని చెప్పబోయి ఏంజలిన్ నోరు మూసుకుంది. ఎవరి తలకైనా ముందు ఊలు దారం చుట్టి కొలత చూసి, తన చేత్తో చెవులమీదకు దించితే తప్ప టోపీ ఇచ్చేది కాదామె. నీలవేణికి ఆ ఓపిక లేదు. అయినా అమ్ముతోంది. గంటలో ఆరు పోయాయి.

ఒక కుర్ర తల్లి పిల్లవాణ్ని ఎత్తుకొచ్చి, నీలం టోపీ ఒకటి తీసింది. "దీదీ, ఇది మీరే అల్లారా?"

నీలవేణి ఒక్క క్షణం తాడు వైపు చూసింది. "హ్యా, ఆమీ," అంది, అవును నేనేనని.

ఆ తల్లి పిల్లవాడికి టోపీ తొడిగి, పక్కనే తాడు దగ్గర నిలబడ్డ ముసలామె వైపు తిరిగింది. "చూడండి మాషీమా, సరిపోయిందా?"

సరిపోలేదు. ఒక సైజు చిన్నది. ఇంటికి చేరేలోగా చెవుల వెనక ఒరుసుకుంటుంది. దానికన్నా పెద్దది నీలవేణి తలకు పైనే వేలాడుతోంది, ఎడమనుంచి నాలుగోది. ఏంజలిన్ చెయ్యి పిల్లవాడి తల దాకా వెళ్లింది. నాలుగు దుకాణాల అవతలినుంచి హరిబాబు, మరో ఇద్దరూ కార్డులు చూసుకుంటూ వస్తున్నారు. నీలవేణి కళ్లు పెద్దవయ్యాయి.

ఏంజలిన్ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"భాలో," అంది, బాగుందన్నట్టు. "ఖూబ్ భాలో."

తల్లి సంతోషంగా మెడకింద ముడి వేసి, జనంలో కలిసిపోయింది. ఆమె భుజం మీదినుంచి పిల్లవాడు రెండు చేతులతో టోపీని పైకి లాక్కుంటూ ఏడుస్తున్నాడు. కనబడినంతసేపూ ఏంజలిన్ అటే చూస్తూ నిలబడింది.