రిచర్డ్ అంకుల్ తోకల ఆల్బమ్

రిచర్డ్ అంకుల్ పక్షికి తోక తప్ప ఇంకేమీ ఫొటో తీయడు. ముక్కు తీయడు, కన్ను తీయడు, పొరపాటున రెక్క పడితే కత్తిరించేస్తాడు. ఖరగ్‌పూర్‌లో ఆరుగురం ఉన్న మా పక్షుల బృందానికి అయిదేళ్లలో ఆయన సమర్పించినవి నాలుగు వందల పన్నెండు తోకలు. అందులో నూట ఏడోది ఉడత తోక అని మా లీడర్ డయానా వాదన. కాదని ఆయన వాదన.

తప్పు ఆయనది కాదు, రైల్వేది. ముప్పై ఆరేళ్లు గార్డుగా చేశాడు. బండి చివరి డబ్బాకి ‘ఎల్.వి.’ అని, అంటే లాస్ట్ వెహికల్ అని, ఒక బోర్డు ఉంటుంది. అది కళ్లపడితేనే బండి మొత్తం వచ్చినట్టు. లేకపోతే సగం బండి దారిలో ఊడిపోయిందేమోనని స్టేషనంతా హడలిపోతుంది.

“ఇంజను అందరూ సూస్తారు. ఎల్.వి. కనబడిందా నేదా, అది సెప్పు,” అంటాడు.

“పక్షి సగం ఊడిపోయి దారిలో ఉండిపోదు కదా అంకుల్?”

“నీ సర్వీసెంత బాబూ?”

రైల్వే వర్క్‌షాపులో నా సర్వీసు ఏడేళ్లే.

ఒకసారి గోల్‌బజార్‌లో బట్టల కొట్టాయనకి లకుముకిపిట్ట తోక ఫొటో గర్వంగా చూపించాడు. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, “ఈ నీలం స్టాకు అయిపోయింది దాదా, బుధవారం రండి,” అన్నాడు. అంకుల్ బుధవారం వెళ్లాడు కూడా.

మా శనివారం నడకలోనూ అంతే. అందరికన్నా వెనక నడుస్తాడు. మలుపు మలుపుకీ మమ్మల్ని లెక్కపెట్టి, “ఆరు డబ్బాలు, ఠీక్ హై,” అని పచ్చజెండా ఊపుతాడు. ఆయనకి కాస్త ముందు, మోకాళ్లు పట్టుకుని, రైల్వే ఆస్పత్రిలో నర్సుగా రిటైరైన సుజాతమ్మ ఆంటీ నడుస్తుంది.

ఈ జూన్‌లో సాలువా దగ్గర తోపులోకి తోకపిగిలి పిట్ట వచ్చింది. బెంగాలీలు దూధ్‌రాజ్ అంటారు. బెత్తెడు తెల్లటి పిట్టకి మూరెడు తోక. అంకుల్‌కి మూడు రోజులు అన్నం సయించలేదు. మూడు శనివారాల్లో మేమంతా దాన్ని చూశాం. ఆంటీ, ఆవిడ వెనక నడిచే అంకుల్ తప్ప. వాళ్లు చేరేసరికి అది ఎగిరిపోయేది.

“వచ్చే వారం మోకాళ్ల ఆపరేషను. రెండు నెలలు మంచమే,” అంది ఆంటీ నాలుగో శనివారం. “నేను లేసేసరికి అది ఎల్లిపోతాది. ఒక్కసారి సూస్తే సాలు.”

“అయితే ఇయ్యాల తొరగా నడాల ఆంటీ,” అంది డయానా.

“మీరు పదండమ్మా. సివరి డబ్బా నేను తెస్తాను,” అన్నాడు అంకుల్.

తోపులో తొమ్మిదిన్నర దాకా కెమెరాలు పట్టుకుని నిలబడ్డాం. పిట్ట లేదు, వెనకవాళ్లూ లేరు. నన్ను వెతకమని పంపారు.

ఊరి చివర చేతిపంపు దగ్గర ఎవరింట్లోనో అడిగి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో ఆంటీ కూర్చుని ఉంది. ఆవిడకి నాలుగడుగుల దూరంలో, పంపు కింద మడుగులో, దూధ్‌రాజ్ స్నానం చేస్తోంది. దాని వెనక బురదలో రిచర్డ్ అంకుల్ బోర్లా పడుకుని తోకకి గురిపెట్టాడు.

నేనూ పాక్కుంటూ పక్కకి చేరాను. “ఇక్కడికొస్తాదని నీకెలా తెల్సు అంకుల్?”

“వారమంతా సైకిలు మీద వచ్చి సూసినాను. తొమ్మిదీ నలభైకి నీళ్లకి ఆగుతాది. రైట్ టైము.”

“మాకు సెప్పనేదేటి?”

“సెప్తే నాలుగు కెమెరాలు ముందు నిలబడతాయి. సిస్టరమ్మ మళ్లీ మీ వీపులే సూస్తారు.”

నాకు సిగ్గేసింది. నా కెమెరా మూత పెట్టేశాను.

పిట్ట రెక్కలు దులుపుకుని వెళ్లిపోయాక ఫొటో చూశాం. మళ్లీ తోకే. కానీ ఆ తోకకి అవతల, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా నవ్వుతున్న సుజాతమ్మ ఆంటీ. అంకుల్ నోటుబుక్కు తీసి రాసుకున్నాడు: ‘413. దూధ్‌రాజ్ ఒకటి. సుజాతమ్మ గారు ఒకరు. బండి మొత్తం వచ్చింది.’

డయానా వచ్చి ఆ ఫొటోని చాలాసేపు చూసింది. మా బృందం క్యాలెండర్‌కి జూన్ పేజీ ఇదే అంది. తర్వాత గొంతు సవరించుకుంది.

“అంకుల్, ఆ నూట ఏడోది... పిట్టదేలే. నేనే పొరపాటు పడ్నాను.”

“నేదమ్మా,” అన్నాడు అంకుల్ బురద దులుపుకుంటూ. “అది ఉడతే. నాకు మొదటి రోజే తెల్సు.”