మూడు కిలోలు, నిండు నెలలు

2015లో నేను పంజాగుట్టలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఈసీజీ టెక్నీషియన్‌ని. బయట మెట్రో పిల్లర్ల పని సాగుతుండేది. ఎంత తుడిచినా మిషన్ మీద సన్నటి సిమెంటు దుమ్ము పేరుకునేది. అమీర్‌పేటలో కోచింగ్ ముగించుకుని ఆఫర్ లెటర్ అందుకున్న పిల్లలు, కంపెనీలో చేరేముందు 'జాయినింగ్ మెడికల్' కోసం మా దగ్గరికి వచ్చేవారు. రక్తం, ఎక్స్‌రే, బీపీ, ఈసీజీ అన్నీ చూశాక డాక్టరు గారు 'ఫిట్' అని సంతకం పెడితే సోమవారం ఉద్యోగం.

ఆ గుంపును వరసలో నిలబెట్టడానికి నా నోరే ఆయుధం. రిపోర్టు ఆలస్యమైందని ఒకడు అరిస్తే నేను రెండింతలు అరిచేదాన్ని. రిసెప్షన్‌తో, ఎక్స్‌రే వాళ్లతో, చివరికి డాక్టరు గారితో కూడా వాదించేదాన్ని. ఆ వాదనలకు నేనేమీ బాధపడను. నేను బాధపడేది ఒకే ఒక్క ఉదయం గురించి.

హారికకు ఇరవై ఒక్కేళ్లు. బక్కపల్చని పిల్ల. తోడుగా తల్లి రాజ్యలక్ష్మి గారు వచ్చారు. ఎస్సార్ నగర్‌లో ఉంటారు, గుంటూరు వైపు మనుషులు. పిల్ల బల్ల మీద పడుకుంటూ, "ఆంటీ, కోడింగ్ టెస్టు కంటే ఇదే టెన్షన్‌గా ఉంది" అంది.

"పండుకో బిడ్డా. ఇందుల బ్యాక్‌లాగులు ఉండయ్" అన్నాను. నవ్వింది.

బీపీ నూట యాభై బై తొంభై ఆరు. ఆ వయసుకు ఎక్కువే. మా దగ్గరొక అలవాటుంది. కుర్రవాళ్లకు బీపీ ఎక్కువ వస్తే పావుగంట కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి మళ్లీ చూస్తాం. చాలామందికి దిగుతుంది. డాక్టరును చూడగానే పెరిగే ఆ బీపీని 'వైట్ కోట్' అంటారు. హారికకు రెండోసారి నూట నలభై ఎనిమిది. ఈసీజీలో ఛాతీ ఎడమవైపు అతికించిన వైర్ల గీతలు కాస్త ఎత్తుగా వచ్చాయి. గుండె ఎడమ గది గోడ మందమైతే అలా వస్తాయి. సన్నటి పిల్లల్లో ఏ జబ్బూ లేకపోయినా వస్తాయి. తేల్చి చెప్పగలిగేది కాదు.

హారిక ఎక్స్‌రేకు వెళ్లగానే తల్లి నా గదిలోకి వచ్చారు. తలుపు దగ్గరే నిలబడి పర్సు జిప్పు తీస్తూ, వేస్తూ ఉన్నారు.

"ఏంటండీ, ఏమైనా తేడాగా ఉందా?"

"డాక్టర్ సాబ్ చెప్తరు."

"ఊరికే అడుగుతున్నాను. మా చెల్లెలి కూతురొకతి ఉంది. పదేళ్లు పిల్లల్లేక, మద్రాసులో ట్రీట్‌మెంట్ తీసుకుంటే పుట్టింది. ఏడో నెలలోనే కాన్పయింది, కిలోన్నర కూడా లేదు. అలా పుట్టినవాళ్లకు పెద్దయ్యాక గుండెకేమైనా వస్తుందంటారా? పేపర్లో ఏదో చదివాను."

అప్పటికి వరసలో నలుగురున్నారు. మిషన్‌లో పేపర్ రోల్ అయిపోయింది. నా నోరు నాకంటే ముందు నడిచింది.

"మీ చెల్లెలి బిడ్డ ఈసీజీ నేను తియ్యలేదమ్మా. గంత డౌటుంటే ఆమెనే పట్కరమ్మనండి. అయినా తల్లికి లేని ఫికర్ పెద్దమ్మకెందుకు?"

బయట వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ముఖంలో రక్తం లేదు. "అంతే లెండి" అని వెళ్లిపోయారు. ఆ ముఖం చూసిన క్షణంలోనే ఆ పిల్ల ఎవరో నాకు తెలిసిపోయింది.

కాసేపటికి తల్లీకూతుళ్లూ నేనూ డాక్టరు గారి గదిలో ఉన్నాం. ఆయన పాతకాలం మనిషి, అన్నీ అడుగుతారు. ఈసీజీ కాగితం చూసి, మళ్లీ బీపీ చూసి, తల్లి వైపు తిరిగారు. "పుట్టినప్పుడు ఎట్లుండె అమ్మా? నెలలు నిండినయా? బరువెంత?"

పక్కనే కూతురు. రాజ్యలక్ష్మి గారు ఒక్కసారి నా వైపు చూసి, "నిండు నెలలేనండీ. మూడు కిలోలు. నార్మల్ డెలివరీ" అన్నారు.

వేసుకుంటున్న షుగరు మాత్ర సంగతి దాచిన పెద్దమనిషిని వారం క్రితమే అందరిముందూ దులిపినదాన్ని, ఆ రోజు నోరెత్తలేదు. వాళ్లింటి రహస్యం నాకెందుకు అనుకున్నాను. కూతురి ముందు చెప్పకూడదన్నది నిజమే. కానీ వాళ్లు వెళ్లిన తర్వాత డాక్టరు గారి గది నాకు రెండడుగుల దూరంలోనే ఉంది. ఆ రెండడుగులూ నేను వెయ్యలేదు.

"జాయినింగ్ టెన్షన్" అన్నారాయన. నెల తర్వాత ఒకసారి బీపీ చూపించుకోమని చెప్పి సంతకం పెట్టారు. నెల తర్వాత రమ్మంటే ఉద్యోగంలో చేరిన పిల్లలెవరూ రారు. హారికా రాలేదు.

దాదాపు మూడేళ్లకు వచ్చింది, ఒంటరిగా. అప్పటికి మెట్రో నడుస్తోంది. నేను గుర్తుపట్టలేదు.

"ఆంటీ, నా పాత ఈసీజీ కావాలి. సోమాజిగూడలో హాస్పిటల్ వాళ్లు అడిగారు."

ఆఫీసులో ఒక ఉదయం స్క్రీన్ మీద అక్షరాలు చెదిరిపోయాయట. కళ్లజోడు మార్చాలనుకుని వెళితే, కంటి వెనక సన్నటి రక్తనాళం చిట్లిందన్నారు. బీపీ రెండు వందలు దాటింది. ఎకో స్కాన్‌లో గుండె గోడ మందమైందని తేలింది. ఎడమ కంటి చూపు పూర్తిగా తిరిగి రాదన్నారు. హాస్పిటల్ వాళ్లు పుట్టుక గురించి గుచ్చి గుచ్చి అడిగితే, ఇరవై నాలుగేళ్లకు తల్లి నోరు విప్పింది.

"మమ్మీ మీకు ముందే చెప్పానంది. నిజమేనా?"

సిగ్గులేకుండా తప్పించుకోబోయాను. "మీ అమ్మ ఆమె చెల్లెలి బిడ్డ గురించి అడిగింది."

"మా అమ్మకు చెల్లెళ్లు లేరు ఆంటీ."

వెతుకుతున్న ఫైళ్ల మీద నుంచి చెయ్యి తీశాను. "తెలుసు బిడ్డా. ఆ రోజే తెలిసింది."

హారిక ఆ ఫైళ్లను తన వైపు లాక్కుని తన ఈసీజీ తనే వెతుక్కుంది. తర్వాత, "ట్రీట్‌మెంట్‌తో పుడితే సిగ్గేంటసలు? రోజుకో గోళీ వేసుకునేదాన్ని. అంతే కదా?" అంది.

ఆ సాయంత్రం డాక్టరు గారికి అంతా చెప్పాను. ఆయన కేకలేయలేదు, వేసి ఉంటే బాగుండేది. "ట్రీట్‌మెంట్ వల్లనా, నెలలు తక్కువైనందుకా, ఇంట్ల బీపీ ఉన్నందుకా అని నన్నడిగితే చెప్పలేను. పెద్ద పెద్ద డాక్టర్లకే ఇంకా తేలలే. అట్ల పుట్టినోళ్లల్ల చాలామంది మంచిగనే ఉంటరు. కానీ ఏడో నెల, కిలోన్నర అని తెలిస్తే నేను టెన్షన్ అని రాయకపోతుంటిని. ఇరవై నాలుగు గంటల బీపీ మిషన్ కట్టి పంపుతుంటిని." కళ్లద్దాలు తుడుచుకుంటూ, "అందరితోని కొట్లాడుతవు కదమ్మా. నాకొక్క మాట చెప్పకపోయినవా?" అన్నారు.

ఇప్పుడు తల్లీబిడ్డలు కలిసి వస్తే ఇద్దరినీ విడివిడిగా అడుగుతాను. నెలలు నిండాయా, బరువెంత, కవలలా అని. ఎందుకని అడిగితే రూలు అంటాను. అలాంటి రూలేమీ లేదు, నేనే పెట్టుకున్నాను. మనుషులు అసలు భయాన్ని ఎప్పుడూ నేరుగా బయటపెట్టరు. వేరేవాళ్ల పేరు మీద, తలుపు దగ్గర నిలబడి, వెళ్లిపోబోతూ అడుగుతారు. ఆ అరనిమిషంలో మనం వెటకారం ఆడితే ఆ మాట ఇంకెక్కడా చెప్పరు. ఇది నేను నేర్చుకున్నాను. కానీ దాని వెల హారిక కన్ను.

ఆ పిల్ల ఇప్పటికీ అప్పుడప్పుడు బీపీ చూపించుకోవడానికి వస్తుంది. మందులతో అదుపులో ఉంది. హాస్టల్లో ఉంటోంది. పోయినసారి మీ అమ్మ ఎట్లుంది అని అడిగాను.

"ఫోన్ చేస్తుంది. ఎత్తను."

"ఎత్తు బిడ్డా. మీ అమ్మ ఆ రోజు భయపడుకుంటనే నా దగ్గరికొచ్చి అడిగింది. నేనే నోరు మూయించిన."

చేతికి కట్టిన బీపీ పట్టీ ఇంకా విప్పలేదు. నా వైపు చూడకుండా, "ఏమని అడిగింది? సరిగ్గా చెప్పండి" అంది.

తల్లి అడిగింది అడిగినట్టు చెప్పాను. మద్రాసు, ఏడో నెల, కిలోన్నర, గుండెకేమైనా వస్తుందా అన్నది. ఆ తర్వాత నేనిచ్చిన జవాబు కూడా, ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను.