చందమామ నుంచి వచ్చిన మాట

నిజాం చివరి రోజుల్లో మా మేనమామ పాలమూరు బడిలో ఇంగ్లీషు పంతులు. ఏ మాట విన్నా కళ్లద్దాలు సర్దుకుని దాని పుట్టుక చెప్పేవాడు. బిడ్డ పోయినప్పటి నుంచి అత్త తనలో తానే మాట్లాడుకునేది. పిచ్చివాళ్లను ఇంగ్లీషులో లూనటిక్ అంటారనీ, ఆ మాట చందమామ పేరు నుంచే వచ్చిందనీ ఒకనాడు మామ ఇంట్లో చెప్పాడు. ఆ పున్నమికి అమ్మమ్మ పొద్దుగూకకముందే అత్తను వడ్ల అర్రలో పెట్టి గొళ్లెం వేసింది.

“అది ఉత్త మాటనే అమ్మా!” అని మామ బతిమాలాడు.

“నువ్వే చెప్తివి కద బిడ్డా. ఇంగ్లీషోళ్లు ఊకెనే అంటరా?”

మరుసటి పున్నమికి అత్తే నీళ్ల చెంబు పట్టుకుని అర్రలోకి పోయింది. “అత్తమ్మ లొల్లి చేస్తది. జర గొళ్లెం పెట్టుండ్రి” అంది. మామే పెట్టాడు.

తర్వాత ఎవరు ఏ మాట పుట్టుక అడిగినా, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ “తెల్వదు” అనేవాడు.