అన్నీ అంటే ఏవేవి?

కుక్కుటేశ్వరరావుకి ప్రపంచంలో ఒకే ఒక్క మాట గిట్టదు. 'అన్నీ కలిపి.' అది ఏ కాగితం మీద కనిపించినా, ఎవరి నోట వినిపించినా, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కుర్చీ అంచుకి జరిగి, ఒకే ప్రశ్న వేసేవాడు.

"అన్నీ అంటే ఏవేవి?"

సమాధానం వచ్చేదాకా వదలడు. వచ్చాక అసలే వదలడు.

ఊరు పిఠాపురం. కువైట్ వచ్చి పద్దెనిమిదేళ్ళు. మిర్కాబ్‌లో ఓ ట్రావెల్ ఆఫీసులో టిక్కెట్లూ, వీసా కాగితాలూ చూసేవాడు. ఓసారి కాకినాడ నుంచి బావమరిది కూతురి పెళ్ళి శుభలేఖ వచ్చింది. అందరూ వేయించుకునే 'సకుటుంబ సపరివార సమేతంగా' అన్న ముక్కే వాళ్ళూ వేయించుకున్నారు పాపం. ఈయన ఫోన్ కార్డు గీకి మరీ అడిగాడు. "కుటుంబం అర్థమైంది బావా. పరివారం అంటే ఎవరెవరు? నా గదిలో ఇంకో నలుగురున్నారు. వాళ్ళొస్తే పడకెక్కడ?" బావమరిది ఆరునెలలు పలకలేదు. పక్కవీధి మెస్సులో 'అన్‌లిమిటెడ్ మీల్స్' బోర్డు చూసి లోపలికెళ్ళి, నాలుగోసారి పెరుగడిగి, వడ్డించేవాడు మొహం మాడ్చుకుంటే ఓనర్ని పిలిపించి, ఆ బోర్డు కిందికి దింపించి గానీ చెయ్యి కడుక్కోలేదు.

దూరం నుంచి వినేవాళ్ళకి ఇదంతా నవ్వులాటే. ఎదురు బల్ల దగ్గర కూర్చునే ఫ్లోరెన్స్‌ని అడగండి చెబుతుంది! పాలకొల్లు పిల్ల. ఆఫీసులో టైపింగూ, ఫ్యాక్సులూ ఆమె పని. ఆయన ప్రశ్నలన్నీ ఆమె వేళ్ళు అరగదీసుకుని పోవాల్సిందే. ఇంగ్లీషులో ప్రశ్నార్థకం ఉన్న మీట ఒక్కటే ఆ కీబోర్డు మీద అక్షరం చెరిగిపోయి తెల్లబడింది.

అలాంటి మనిషి చేతిలో, 2005 జూన్‌లో, కరీబియన్ ప్యాకేజీ పడింది.

తెచ్చింది ఉమ్ ఫహద్. కువైటీ పెద్దింటావిడ, ఆఫీసుకి ఏటా పది టిక్కెట్లకి తక్కువ కాకుండా పని ఇచ్చే మనిషి. మొగుడూ పెళ్ళాలిద్దరూ కొత్తగా స్కూబా డైవింగ్ నేర్చుకున్నారట. జులై మధ్యలో పదిరోజులు కరీబియన్ దీవిలో ఓ రిసార్టుకి వెళ్ళాలి. పిల్లలిద్దరూ, వాళ్ళని చూసుకోడానికి ఇంట్లో పనిచేసే సంజీవమ్మా కూడా వెళ్ళాలి. రంగుల పుస్తకం బల్లమీద పడేసి, "ఆల్ ఇన్‌క్లూజివ్! ఇంకేం చూడక్కర్లేదు, యల్లా, త్వరగా బుక్ చెయ్యి" అని వెళ్ళిపోయింది.

ఫ్లోరెన్స్ కళ్ళు మూసుకుంది. ఆమె అనుకున్నట్టే కళ్ళజోడు నుదుటి మీదికి లేచింది.

"అన్నీ అంటే ఏవేవి?"

చిన్న అక్షరాల పేజీ చదివేసరికి ఆయన ఒళ్ళు మండిపోయింది. "చూశావా ఫ్లోరెన్సూ ఈ దుర్మార్గం! గాలి సిలిండరు ప్యాకేజీలో ఉందట. ఆ గాలి పీల్చే గొట్టం మాత్రం అద్దెకట! భోజనం పెట్టి విస్తరికి డబ్బులడిగినట్టు లేదూ?"

"మీరు మునుగుతారాండీ, నేను మునుగుతానాండీ? మనకెందుకండీ?"

"మనకెందుకా? రేప్పొద్దున్న మేడమ్ నీళ్ళ కింద గొట్టం లేక నిలబడితే మొహం ఎక్కడ పెట్టుకుంటాం? రాయి. ఒకటో ప్రశ్న..."

మొదటి ఫ్యాక్సులో పద్నాలుగు ప్రశ్నలు. పడవలోంచి నీళ్ళలోకి దించుతామని రాశారు, పైకి తీస్తామని ఎక్కడా రాయలేదేం, నిచ్చెన ఉందా లేదా? డైవింగ్ చేశాక ఒకరోజు దాకా విమానం ఎక్కకూడదని మీరే అంటున్నారు, మరి పదోరోజు పొద్దున మునక, మధ్యాహ్నం విమానం ఎలా వేశారు? కళ్ళకి పెట్టుకునే మాస్కు 'అందరికీ సరిపోతుంది' అన్నారు, అందరికీ అంటే ఎవరెవరికి? ఈ చివరి ప్రశ్నకి జవాబు వచ్చేదాకా కూడా ఆగలేదు మహానుభావుడు. సాల్మియాలో ఓ షాపు నుంచి మాస్కు అడిగి తెచ్చి, వాష్ బేసిన్ నిండా నీళ్ళు పట్టి మొహం ముంచాడు. మీసాల సందుల్లోంచి నీళ్ళు లోపలికొచ్చేశాయి. "మేడమ్ గారి ఆయన అబూ ఫహద్‌కి నాకంటే గుబురు మీసం!" అని దగ్గుతూనే, మాస్కు తీయకుండానే వచ్చి పదిహేనో ప్రశ్న చెప్పాడు. టిక్కెట్టు కోసం కూర్చున్న కేరళ నర్సు బ్యాగు పట్టుకుని బయటికి పరుగు తీసింది.

రిసార్టు నుంచి జవాబులిచ్చేది మార్లీన్ అనే ఆవిడ. మొదటి జవాబు 'ప్రియమైన శ్రీ రావు గారికి' అని మొదలైంది. మూడోది 'శ్రీ రావు'. ఐదోదానికి వచ్చేసరికి వట్టి 'రావు' మిగిలాడు.

ఆ వారంలోనే సంజీవమ్మ వీసా ఫొటోలు పట్టుకుని వచ్చింది. రాయచోటి దగ్గర మనిషి, నలభై దాటాయి.

"అదృష్టవంతురాలివి సంజీవమ్మా! సముద్రం మీద షికారు" అంది ఫ్లోరెన్స్.

"ఆ సముద్రంలో నన్ను తోసేసినా బాగుండు పాపా" అని కుర్చీలో కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది సంజీవమ్మ. "నా బిడ్డకు తొలికాన్పు. జులై ఆకర్న. తొలికాన్పు పుట్టింట్లో గదా చెయ్యాల. మా ఇంట్లో యింగెవురుండారు? నేనే దానికి పుట్టిల్లు. నేనేమో ఈడ. మూడేండ్లాయ ఊరికి పోక. జులైలో పంపిస్తానని మామా, అదే మా మేడమ్, మాటిచ్చిండె. ఇప్పుడేమో పిల్లోల్లను సూసుకోను నువ్వు రావాల్సిందే, సెలవు మల్ల సూద్దాం అంటాది."

ఫ్లోరెన్స్ రావు వైపు తిరిగింది. "మేడమ్ మీ మాట వింటారు కదండీ. ఒక్క ముక్క చెప్పండి."

"ఏమని చెప్పనమ్మా? ఇంటి పనిమనిషి సెలవు మన ప్యాకేజీలోది కాదు. నోరెత్తితే, నువ్వెవడివి అడగడానికి అంటుంది. కోపం ఈవిడ మీదికి తిరుగుతుంది" అని, కాగితం ముందుకి లాక్కుని, "అది సరే సంజీవమ్మా, ఆ పిల్లలు ఎన్నింటికి లేస్తారు? ఏం తింటారు? చిన్నదానికి నిద్రపోయేముందు ఏమన్నా అలవాటుందా?" అని మొదలుపెట్టాడు.

ఫ్లోరెన్స్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. గొట్టం అద్దె కోసం సముద్రాల అవతలి వాళ్ళని కడిగేసిన మనిషి! నిచ్చెన ఉందా లేదా అని నిద్ర మానేసిన మనిషి! ఎదురుగా ఒక తల్లి ఏడుస్తుంటే పిల్లల తిండి రాసుకుంటాడా? సంజీవమ్మ వెళ్ళగానే కీబోర్డు పక్కకి నెట్టేసింది. "ఇకమీదట మీ ఫ్యాక్సులు మీరే రాసుకోండి, మీరే పంపుకోండి. నా చేత్తో ఒక్క ప్రశ్న కొట్టను."

"సరేనమ్మా" అన్నాడాయన, అదేదో మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా. ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది.

అప్పట్నుంచీ తన చేత్తోనే రాసి పంపాడు. జవాబు వచ్చే వేళకి మిషన్ పక్కనే నిలబడి, కాగితం పూర్తిగా బయటికి రాకముందే లాగి ఫైల్లో పెట్టేసుకునేవాడు. సంజీవమ్మ వీసా ఫారం మాత్రం సొరుగులో అలాగే పడి ఉంది. మేనేజర్ నూర్ బాషా తల పట్టుకున్నాడు. "రావు సామీ, నీకు దండం పెడతా. ఆయమ్మ చెయ్యి జారిపోయిందంటే నేను షువైఖ్ రేవులో మూటలు మోసుకోవాల్సిందే!"

జూన్ ఆఖరివారంలో ఉమ్ ఫహద్ తుపానులా వచ్చింది. "ఇంకా సంజీవ వీసా ఎందుకు రాలేదు? మీ ఆఫీసు పని చేస్తుందా, నిద్రపోతుందా?"

నూర్ బాషా లేచి నిలబడ్డాడు. ఫ్లోరెన్స్ లోలోపల సంతోషించింది. బాగా తిట్టాలి ఈయన్ని.

కుక్కుటేశ్వరరావు ఆవిడకంటే గట్టిగా కేకేశాడు. "మేడమ్! మిమ్మల్ని మోసం చేశారు!"

ఆవిడ ఆగిపోయింది. "ఎవరు?"

"చూడండి." ఫైలు విప్పాడు. "పిల్లలిద్దరికీ పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఒక ఆయా. మీ పిల్లల కోసమే ప్రత్యేకంగా. పెద్దవాడికి గుడ్డు పడదని, చిన్నదానికి దుప్పటి కొస పట్టుకుంటే గానీ నిద్ర రాదని కూడా రాసి సంతకం పెట్టారు. ఇది ప్యాకేజీలోనే ఉంది. మీరు కట్టే సొమ్ములోనే! ఈ సంగతి ముందుగా మీకు చెప్పారా? ఇప్పుడు మీరు మళ్ళీ ఇంకో మనిషికి టిక్కెట్టు, వీసా, గది పెట్టుకుని తీసుకెళ్తే ఆ ఆయా ఏం చేస్తుంది? మీ సొమ్ముతో పదిరోజులు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటుంది!"

ఉమ్ ఫహద్ మొహం ఎర్రబడింది. "నా సొమ్ముతోనా? కూర్చోబెడతానా! పని చేయిస్తా. సంజీవ అక్కర్లేదు, ఖలాస్!"

"మరి సంజీవమ్మ తాళం వేసిన ఇంట్లో ఏం చేస్తుంది మేడమ్?"

ఆవిడకి మాటిచ్చిన సంగతి గుర్తొచ్చిందో ఏమో, గొంతు కాస్త తగ్గింది. "ఊరికి వెళ్ళమను. నెల సెలవు. టిక్కెట్టు నేనే ఇస్తా."

"నెల అంటే ఎన్ని రోజులు?"

"ముప్పై!"

"ప్రయాణం రోజులు అందులోనేనా? దిగిన రోజు లెక్కా, ఎక్కిన రోజు లెక్కా? నలభై దాటేదాకా పురిటి..."

"నలభై ఐదు! నువ్వు నోరు మూస్తే నలభై ఐదు!" అని సంజీవమ్మ పాస్‌పోర్టు పంపిస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

ఆయన నీళ్ళు తాగడానికి లోపలికెళ్ళగానే ఫ్లోరెన్స్ ఫైలు తెరిచింది. గొట్టం లేదు, నిచ్చెన లేదు. సంజీవమ్మ వచ్చిన రోజు తారీఖుతోనే మొదలై తొమ్మిది ఫ్యాక్సులు, వంకర ఇంగ్లీషులో, ఒకే సంగతి. 'కుటుంబానికి అన్నీ అని రాశారు. తల్లీతండ్రీ నీళ్ళ కింద ఉంటే పిల్లలు ఎవరి దగ్గర? మా దేశంలో తొలికాన్పు తల్లి దగ్గర జరగాలి. మీరు ఒక ఆయాని ఇస్తే ఇక్కడ ఒక తల్లి ఇంటికి వెళ్తుంది.' చివరి జవాబు 'ప్రియమైన రావు' అని మొదలైంది. 'నాకూ ఇద్దరు కూతుళ్ళు. మా మేనేజర్‌తో పోట్లాడాను. ఆడో మగో నాకు చెప్పాలి.'

రావు తిరిగొచ్చేసరికి ఫ్లోరెన్స్ ముక్కు చీదుకుంటోంది. "ముందే చెప్పొచ్చు కదండీ! ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను మిమ్మల్ని!"

"కుదురుతుందో లేదో తెలీకుండా ఎలా చెప్పను? నువ్వు ఆవిడతో అంటావు, ఆవిడ ఆశ పెట్టుకుంటుంది. అయినా ఆ మార్లీన్ ఘోరం చూశావా? రాత్రి ఎనిమిది దాకానే ఇచ్చింది. ఎనిమిది దాటాక?"

ఆగస్టు మొదటి వారంలో ఆఫీసు ఫోను మోగింది. రాయచోటి నుంచి. కుక్కుటేశ్వరరావు ఎత్తాడు. అవతల సంజీవమ్మ అరుపు ఫ్లోరెన్స్ బల్ల దాకా వినిపించింది.

"అన్నా! ఆడబిడ్డ! నా సేతుల్లోనే ఉండాది! తల్లీ బిడ్డా బాగుండారు. అంతా బాగుంది!"

కళ్ళజోడు నుదుటి మీదికి లేచింది. ఆయన కుర్చీ అంచుకి జరిగాడు.

"అంతా అంటే ఏవేవి?"

సంజీవమ్మ చెప్పింది. నల్లటి జుట్టు, అమ్మమ్మ ముక్కు, మూడుకిలోల బరువు, గుప్పిట విప్పని చేతులు, పాలు తాగుతూ తాగుతూ మధ్యలో నిద్రపోవడం, ఆవలించడం, తుమ్మడం, ఒక్కటీ వదలకుండా చెప్పింది. ఫోన్ కార్డు అయిపోయేదాకా చెప్పింది. ఆయన రెండో ప్రశ్న వెయ్యలేదు.

ఫ్లోరెన్స్ ఎవరూ చెప్పకుండానే కీబోర్డు దగ్గరికి లాక్కుని, మార్లీన్‌కి ఫ్యాక్సు కొట్టడం మొదలుపెట్టింది.