పనసకాయ సీసాకు పెట్టిన చుక్క

మా కోడలు టాటానగర్‌లో, సాక్చి బజారులో ఒక చీరల దుకాణంలో తొమ్మిదేళ్లు నిలబడి పని చేసింది. నిలబడి అన్న మాట కావాలనే రాశాను. కొనడానికి వచ్చినవాళ్లకు పరుపులున్నాయి, యజమానికి గల్లా దగ్గర కుర్చీ ఉంది. చీరలు విప్పి చూపించే ఆడవాళ్లకు మాత్రం కూర్చునే చోటు లేదు. ఉదయం పది నుంచి రాత్రి తొమ్మిది దాకా పని, మధ్యలో భోజనానికి అరగంట. ఇంటికి వచ్చాక ఆమె మడమ దగ్గర వేలితో నొక్కితే గుంట పడేది. ఆ గుంట పూడడానికి ఎంతసేపు పడుతోందో నేను గోడ గడియారం చూసి లెక్కపెట్టేదాన్ని. ఏటేటా ఆ లెక్క పెరుగుతూ వచ్చింది.

మొన్న వేసవిలో ఒక ఆదివారం ఆమే అంది. "అత్తా, ఇంక నా వల్ల కాదు. ఊరగాయలు అమ్ముకుందుం. నువ్వెట్టిన పనసకాయ తిన్నోళ్లు ఏడాది పొడుగూ అడుగుతానే ఉంటారు కదా."

"అడిగినోళ్లందరూ కొనరే," అన్నాను.

"ఫోనులో పెడితే కొంతారు."

నేను ఒక కర్మాగారం క్యాంటీన్ స్టోరులో ముప్పై ఒక్క ఏళ్లు రిజిస్టరు రాశాను. మా ఆయన పోయాక ఇచ్చిన ఉద్యోగం అది. ముందు వచ్చిన బస్తా ముందు వెళ్లాలి, తేదీ లేని డబ్బా అరమీదికి ఎక్కకూడదు. అక్కడ నేర్చుకున్నది ఇదే. కాబట్టి "కొంతారు" అన్న మాట నాకు సరిపోలేదు. ఎంతమంది, ఎన్ని రోజుల్లో?

రోజుల లెక్క దుకాణం యజమానే చెప్పాడు. జీతం లేని సెలవు ఇస్తాను, దుర్గాపూజ అమ్మకాలు మొదలయ్యే సెప్టెంబరు మొదటి సోమవారానికి వచ్చి నిలబడాలి, రాకపోతే ఆ చోటు ఇంకొకరిది అన్నాడు. సెలవు మొదలయ్యే జూన్ మూడో సోమవారం నుంచి లెక్కపెడితే డెబ్బై ఏడు రోజులు. ఆలోగా ఊరగాయ మీద ఇల్లు గడుస్తుందని తేలితే మా కోడలు కూర్చుని పని చేసుకోవచ్చు. తేలకపోతే మళ్లీ ఆ పరుపుల పక్కనే నిలబడాలి.

ఆ వారంలోనే చిన్న వ్యాపారాలవాళ్లకు ఫోనులో ప్రచారం నేర్పే ఉచిత తరగతి రెండు రోజులు జరిగింది. ఇద్దరం వెళ్లాం. మొత్తం ఇరవై ఆరుమందిమి, అందరిలోకీ పెద్దదాన్ని నేను. పద్నాలుగు నియమాలున్న హిందీ కాగితం ఒకటి చేతికిచ్చారు. ఇంటికి వచ్చి వాటిని తెలుగులో నోటుపుస్తకంలోకి ఎక్కించాను. ఐదు కొట్టేశాను.

రోజూ ఏదో ఒకటి పెట్టమన్నది కొట్టేశాను. ఊరగాయ రోజూ మారదు, లేని వార్త ఎక్కడి నుంచి తేవాలి? అందరూ వింటున్న పాట ఏదైతే అది తగిలించమన్నదీ కొట్టేశాను. ఉంచినవాటిలో ముఖ్యమైనవి చెబుతాను. వ్యాపారానికి వేరే ఖాతా పెట్టుకోవాలి, దానికి ఖర్చు లేదు. ఆ ఖాతాలోనే సరుకుల పట్టీ పెట్టుకోవచ్చు. ప్రతి సీసా కింద బరువు, ధర, తయారైన తేదీ ఉండాలి. అడిగినవాళ్లకు ఆ రోజే జవాబివ్వాలి. ఇంకొకరి ముఖం పెట్టేముందు వాళ్లను అడగాలి. ఎవరైనా తప్పు పడితే ఆ మాట చెరపకూడదు, వాళ్లతో తగువూ పడకూడదు. ఉన్నది ఉన్నట్టు అందరి ముందూ చెప్పాలి.

చూసేవాళ్లు ఎక్కువగా ఉండే వేళ కనిపెట్టి అప్పుడు పెట్టమని కూడా ఉంది. అది ఫోనే చెబుతుందట, నెల్లాళ్లు ఆగాలట. నేను ఆగలేదు. కర్మాగారంలో పొద్దుటి ఎ షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి వదులుతుంది. గేటు దాటి, ఆటోలో చోటు దొరికి, జేబులోంచి ఫోను తీసేసరికి రెండున్నర. మా పేట బర్మామైన్స్‌లో ఎవరి కడుపు ఎప్పుడు కాలుతుందో ముప్పై ఒక్క ఏళ్లు చూసినదాన్ని. రెండున్నరకే పెట్టమన్నాను. నెల తరవాత ఫోను కూడా అదే చెప్పింది.

తరగతి బయట ఒకతను మమ్మల్ని ఆపాడు. "మాతాజీ, దస్ హజార్ ఫాలోవర్. ఏక్ హఫ్తే మే." వారంలో పదివేలమందిని మా వెంట చేర్చి పెడతాడట.

"ఉన్ మే సే బర్మామైన్స్ మే కిత్నే రహతే హై?" అని అడిగాను, వాళ్లలో మా పేటవాళ్లు ఎంతమందని.

"వో సబ్ బాహర్ కే హై, మాతాజీ." అందరూ బయటి ఊళ్లవాళ్లేనట.

"తో అచార్ లేనే కౌన్ ఆయేగా? తుమ్?" మరి ఊరగాయ కొనడానికి ఎవరొస్తారు, నువ్వా అని.

మా కోడలు నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. "ఆడితో ఏటత్తా నీకు? రోడ్డు మీద!" అంది గాని ఆటో ఎక్కాక ఆపుకోలేక నవ్వింది.

ఆదివారం ఆదివారం నేను మూడు గళ్లు గీసేదాన్ని: ఎంతమంది మెచ్చుకున్నారు, ఎంతమంది అడిగారు, ఎంతమంది కొన్నారు. మొదటి వారం మా కోడలు పట్టుగుడ్డ పరిచి, బంతిపూలు చల్లి, మధ్యలో సీసా పెట్టి ఫోటో తీసింది. రెండు వందల పన్నెండుమంది మెచ్చుకున్నారు. ఇద్దరు కొన్నారు. రెండో వారం బేసిన్‌లో ఆవపిండి కలుపుతున్న ఆమె చేతులు, మోచేతుల దాకా నూనె, అంతే. మెచ్చుకున్నవాళ్లు నలభై ఏడుమంది, కొన్నవాళ్లు తొమ్మిదిమంది. పట్టుగుడ్డ బీరువాలోకి వెళ్లిపోయింది.

ఐదో ఆదివారానికి ముప్పై ఒక్క సీసాలు అమ్ముడుపోయాయి. ఇంకా నలభై రెండు పనసకాయ సీసాలున్నాయి. అవి ఏప్రిల్‌లో లేత కాయలు కోసి, ముక్కలు ఉడికించి, ఫ్యాక్టరీ దుమ్ము పడకుండా పల్చటి గుడ్డ కప్పి మేడ మీద ఆరబెట్టి పెట్టినవి. మంగళవారం వాటన్నిటినీ మేడమెట్ల మీద వరసగా పేర్చింది మా కోడలు. ఇంతవరకూ ఒకటీ రెండూ సీసాలే చూపించాం, ఈసారి మొత్తం చూపిద్దాం, వేలమంది చూస్తారు అంది. ఫోను తెచ్చుకోవడానికి లోపలికి వెళ్లింది.

ఆ వేలమంది అన్న మాట నా గుండెలో గుచ్చుకుంది. ఎర్రగా, నిండుగా, నలభై రెండు సీసాలు. కాటుక భరిణెలో వేలు ముంచి, అన్నిటికంటే ముందున్న సీసా భుజం మీద ఒక చుక్క పెట్టాను. ఫోటో అయిపోయాక, కొనేవాళ్ల చేతికి కాటుక అంటకూడదని, కొంగుతో తుడిచేశాను. ఆమెకు చెప్పలేదు. పుస్తకంలో రాయలేదు.

రెండున్నరకు ఫోటో పెట్టాం. రెండు యాభైకి మా కోడలు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. టాటానగర్ రైల్వే క్వార్టర్స్ నుంచి ఎవరో ఒకావిడ ఆ ముందు సీసాను పెద్దది చేసి, నల్లమచ్చ చుట్టూ ఎర్రగీత గీసి, కింద రాసింది: "ఇస్ మే తో ఫంగస్ లగ్ గయా హై. బారిష్ కా అచార్ హై, మత్ లీజియే." బూజు పట్టింది, వానాకాలం ఊరగాయ, ఎవరూ తీసుకోవద్దు అని. నాలుగయ్యేసరికి ఆరు ఆర్డర్లు వద్దన్నారు. డెబ్బై ఏడులో ముప్పై ఆరు రోజులు అప్పటికే అయిపోయాయి.

"ఫోటో తీసీద్దుం అత్తా. తీసీసి ఊరుకుందుం."

"తియ్యకూడదని రూలు."

"రూలేటి రూలు! నలభై రెండు సీసాలూ పారబొయ్యాలి. పూజకి మళ్లీ చీరలు మడతపెట్టుకోడమే నా రాత." ఆమె టార్చి వేసి ముందున్న సీసా మూత తీసింది, వాసన చూసింది. ఏమీ లేదు. రెండోది తీసింది. మూడోది పట్టుకుంది.

బయట వాన. వంటింటి గోడలే చెమర్చి ఉన్నాయి. ఇలా ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పోతే నిజంగానే బూజు పడుతుంది.

"తెరవకే! అది బూజు కాదు. కాటిక చుక్క. నానే పెట్టేను."

ఆమె చెయ్యి మూత మీదే ఆగిపోయింది. "ఏటీ?"

"దిష్టికి."

"సీసాకా?"

"వేలమంది చూత్తారన్నావు కదేటి. నలుగురు చూత్తేనే మనింట్లో పాలు విరిగిపోతాయి."

ఆమె సీసా కింద పెట్టింది. "ముప్పై ఒక్క ఏళ్లు రిజిస్టర్లు రాసినావు. చెమ్చా పోతే రాసినావు. గరిటె వంకరైతే రాసినావు. ఈ చుక్క రాయనేదేటి అత్తా?"

క్యాంటీన్‌లో అన్నేళ్లూ ఎవరూ నన్ను అలా అడిగే పని పడలేదు. ఆమె సీసాల మూతలు బిగించింది. తరవాత ముక్కు చీది, "అయితే నువ్వే చెప్పు, అందరికీ. నీ చుక్క, నీ నోరు," అంది.

ఐదింటికి వాన తెరిపిచ్చింది. మేడమెట్ల మీద కూర్చున్నాను. ఆమె ఫోను పట్టుకుంది. నాది క్యాంటీన్ హిందీ. సొగసు లేదు గాని ఎవరికీ అర్థం కాకుండా పోలేదు. మొదట రైల్వే క్వార్టర్స్ ఆవిడకు కృతజ్ఞతలు చెప్పాను. మచ్చ కనిపిస్తే అడగాలి, మంచి పని చేసింది అన్నాను. అదే సీసాకు, అదే చోట మళ్లీ కాటుక చుక్క పెట్టాను. ముందు నుంచి చూపిస్తే అచ్చం ఊరగాయ మీద మచ్చలాగే ఉంది. సీసాను పక్కకు తిప్పాను. చుక్క గాజు బయట ఉంది. తడిగుడ్డతో తుడిచాను, పోయింది. ఆరిన చెంచా లోపల పెట్టి, ముక్కల పైన రెండు వేళ్ల మందాన నూనె నిలిచి ఉందని చూపించాను. రిజిస్టరు తెరిచి కాయ కోసిన తేదీ, ఆరబెట్టిన గంటలు, వేసిన ఉప్పు తూకం చదివాను. చివర అన్నాను: "యే నజర్ కా టీకా హై. ఆప్ బచ్చే కో లగాతే హై, మైనే బోతల్ కో లగా దియా. గల్తీ మేరీ హై, బహూ కో పతా నహీ థా." ఇది దిష్టిచుక్క, మీరు బిడ్డకు పెడతారు, నేను సీసాకు పెట్టాను, తప్పు నాది, కోడలికి తెలియదు అని.

నిమిషం నలభై సెకన్లు. పాట లేదు. రెండోసారి తియ్యలేదు, అలాగే పెట్టేశాం.

బిడ్డకంటే సరే, సీసాకు దిష్టంటే ఈ ఊళ్లో ఎవరికి అర్థమవుతుందిలే అనుకున్నాను. నా లెక్క తప్పింది. తెల్లారి చూస్తే బెంగాలీ తల్లులు, ఒడియా తల్లులు, బీహారీ తల్లులు తమ పిల్లల ఫోటోలు వరసగా పెట్టారు. ప్రతి నుదుటి పక్కనా నల్లచుక్క. ఒక ఆటో అబ్బాయి తన బండి వెనక వేలాడదీసిన పాతచెప్పు ఫోటో పెట్టి, మా ఆటోకు ఇది, మీ సీసాకు అది, ఇద్దరం క్షేమం అని రాశాడు. వాటి మధ్యలో రైల్వే క్వార్టర్స్ ఆవిడ: "మాఫ్ కీజియే మాతాజీ. దో బోతల్ భేజియే. టీకా లగాకే." క్షమించండి, రెండు సీసాలు పంపండి, చుక్క పెట్టి మరీ పంపండి అంది.

వద్దన్న ఆరుగురిలో ఐదుగురు వెనక్కి వచ్చారు. ఆ ఆదివారానికి నలభై రెండు సీసాలూ అయిపోయాయి, మూతలు తెరిచిన రెండింటిని మాత్రం మేమే తిన్నాం. కాబట్టి అమ్మినవి నలభై. ఇంకా అడుగుతూనే ఉన్నారు. లేత పనస దొరకని రోజుల్లో ముదురు కాయ పెట్టి ఇవ్వొచ్చు కదా అంది మా కోడలు. ఇవ్వకూడదు అన్నాను. అయిపోయింది, మళ్లీ వేసవిలోనే, పేరు రాసుకుంటాం అని పెట్టించాను. అరవై మూడు పేర్లు వచ్చాయి. ఈలోగా మాగాయ, నిమ్మకాయ, అల్లం చూపించాం. ఆగస్టు ఒక్క నెలలో నూట పద్దెనిమిది సీసాలు వెళ్లాయి. దుకాణం జీతం కంటే ఎంత ఎక్కువ మిగిలిందో ఇక్కడ రాయను. ఎక్కువే మిగిలింది.

ఊరగాయలు కాకపోయినా ఏదో ఒకటి అమ్ముకునే ఆడవాళ్లు ఇప్పుడు నా నోటుపుస్తకం అడిగి తీసుకెళుతున్నారు. వాళ్లకు చెప్పేది ఇదే: ఫోటోలో కనిపించే ప్రతిదానికీ మీ దగ్గర జవాబుండాలి. చుక్కకైనా సరే.

సెప్టెంబరు మొదటి సోమవారం, ఉదయం పది ఇరవైకి, చీరల దుకాణం యజమాని ఫోను చేశాడు. మా కోడలు కింద పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుని నిమ్మకాయలు తరుగుతోంది. చేతులు తడిగా ఉన్నాయని స్పీకరు పెట్టాను.

"ఆయీ నహీ?" అన్నాడాయన. రాలేదేమని.

"నహీ ఆవూంగీ, భైయా." రానంది ఆమె, నిమ్మకాయ తరుగుతూనే.

ఆయన నవ్వాడు. మా ఇంటావిడ మీ అత్తగారి వీడియో చూసింది, నిమ్మకాయ రెండు సీసాలు రాసుకో అన్నాడు హిందీలో.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. పెన్ను తీసుకుంది. "పతా బోలియే."

"అరే, నౌ సాల్ యహీ ఖడీ థీ, పతా నహీ మాలూమ్?" తొమ్మిదేళ్లు ఇక్కడే నిలబడ్డావు, అడ్రసు తెలీదా అని.

"మాలూమ్ హై, భైయా. ఫిర్ భీ ఆప్ బోలియే, మై లిఖూంగీ. సబ్ సే పూఛతే హై." తెలుసు, అయినా మీరే చెప్పండి, రాసుకుంటాను, అందరినీ అడుగుతాం అని.

ఆయన చెప్పాడు: దుకాణం నంబరు, సందు, ఏ మలుపు దగ్గర, ఏ మెట్ల పక్కన. ఆమె కూర్చున్న చోటు నుంచి కదలకుండా, ఒక్కో మాటా తిరిగి చదివి వినిపిస్తూ, నింపాదిగా రాసుకుంది.