బంకమట్టి కణాలు ఏ పక్కకు పోయినాయంటే

ఆ రోజుల్లో చదువుకున్నవాడికి తనకేదో తెలియదని ఒప్పుకోవడం కంటే ఉద్యోగం మానుకోవడమే తేలిక. కడప కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చేరిన కొత్తల్లో నేనూ ఆ జాతివాణ్ణే. నాతోపాటే చేరిన నంద్యాలమ్మాయీ (ఆమె లేనప్పుడు అందరం అట్లే అనేవాళ్లం) నేనూ కలిసి బావినీళ్లలోని బంకమట్టి కణాలను కొలవాలని మా డిపార్టుమెంటు పెద్దసారు పురమాయించారు. బాగా చేసినవాళ్లను పరిశోధనకు బెంగుళూరు పంపిస్తానన్నారు.

ఆ కణాలు మామూలుగా కంటికి ఆనవు. కిటికీలన్నీ మూసి, గాజుపెట్టెలోని నీళ్లకు పక్కనుంచి దీపం వెలుగు పట్టి, పైనుంచి మైక్రోస్కోపులో చూస్తే ఒక్కొక్కటీ చుక్కలా మెరిసేది. ఇన్ని నీళ్లలో ఎన్ని చుక్కలో లెక్కపెడితే, మట్టి బరువును బట్టి ఒక్కో కణం ఎంతుందో తేలేది. తర్వాత రెండు పక్కలా బ్యాటరీ తీగలు పెడితే చుక్కలు ఒకవైపు కదిలేవి. ఎటువైపు, ఎంత వేగంగా అన్నదాన్ని బట్టి వాటి విద్యుదావేశం. ఆమె చూసేది, నేను స్టాప్‌వాచీ నొక్కేవాణ్ణి. (ఆమె చెంప మీద పడే ఆ కాస్త వెలుగు వల్ల ఎన్ని లెక్కలు తప్పాయో పెద్దసారుకు తెలియదు.)

చుక్కలు ఋణధ్రువం వైపు పోతున్నట్టు కనబడ్డాయి కనక మట్టిది ధనావేశమని రాసేశాను. "మైక్రోస్కోపులో కుడి ఎడమవుతుంది కదా సార్. అవి నిజంగా పోతాండేది అవతలి పక్కకు" అంది ఆమె మెల్లగా. విద్యార్థులు వింటున్నారు. "నాకు తెలుసులెండి" అన్నాను. తెలియదు. నోటుబుక్కులో రాసింది మాత్రం దిద్దలేదు.

పెద్దసారు నోటుబుక్కు చూసి కళ్లద్దాలు తీశారు. "ఏమప్పా, లోకంలో బంకమట్టంతా ఒక పక్కకు పోతే మన కడప మట్టి ఇంకో పక్కకు పోతాందా? బొమ్మ తిరగబడుతుందని మీ ఇద్దరిలో ఒకరికీ తట్టలేదా?"

ఆమె తలవంచుకొని నిలబడింది, నా తప్పని చెప్పలేదు. ఆ తిట్లు ఇద్దరం పంచుకుంటే ఇద్దరమూ కడపలోనే ఉండిపోతామన్న ఆశ నాకు కలగలేదని అబద్ధమాడను. "ఆమెకు తట్టింది సార్. చెప్పింది కూడా. నేనే వినలేదు" అన్నాను.

ఆమె బెంగుళూరు పోయింది. స్టేషన్లో "శానా మంచి పని చేసినారు సార్" అని, ఇంకేదో వినాలన్నట్టు నిలబడింది. "ఆడ చలి ఎక్కువ, శాలువా కొనుక్కోండి" అన్నాను.

నెల తర్వాత జాబొచ్చింది. "ఈడ మైక్రోస్కోపు శానా బాగుండాది. మీరూ ఒకసారి వచ్చి చూస్తే బాగుంటుంది." ఆ రెండో వాక్యాన్నే నాలుగు రోజులు చదివి, ఎంతో ఆలోచించి, దాని కటకం ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో తెలియజేయగలరని రాశాను. తెలియజేసింది. ఒక అంకె, కింద సంతకం, అంతే. ఇప్పుడా కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. చెవి పట్టుకొని బెంగుళూరు రైలెక్కించి రావాలనిపిస్తుంది.