పళ్లెం మీద చెయ్యి

నా చిన్నప్పుడు, ఒక శనివారం మధ్యాహ్నం, మా మావయ్య కొట్టిన బంతి నేల మీద దొర్లుకుంటూ వెళ్లి గోల్‌కీపర్ పక్కనుంచి వలలో పడింది. దానికి అంత వేగమేమీ లేదు. కానీ అతను కిందికి వాలేసరికే అది దాటిపోయింది. చుట్టూ జనం లేచి అరుస్తుంటే, మా అమ్మ చప్పట్లకోసం ఎత్తిన చేతుల్ని మెల్లగా ఒళ్లోకి దించుకుంది. గెలిచినవాడు ఆవిడ సొంత తమ్ముడు. ఓడిన గోల్‌కీపర్ ఆ పొద్దున మా ఇంట్లో ఆవిడ చేతి పెసరట్లు తిని వచ్చినవాడు.

ఆ ఏడాది యూనివర్సిటీల పురుషుల సాకర్ చాంపియన్‌షిప్ సిడ్నీలో జరిగింది. దేశం ఆ చివరనుంచి కూడా జట్లు వచ్చాయి. వచ్చిన కుర్రాళ్లను ఇక్కడి ఆటగాళ్ల ఇళ్లలో ఒకరినో ఇద్దరినో ఉంచేవారు. మా అమ్మ తమ్ముడు మా ఇంట్లోనే ఉండి చదువుకుంటూ ఇక్కడి యూనివర్సిటీ జట్టుకి ఆడేవాడు. అందుకని మా వంతుకి పెర్త్ జట్టు గోల్‌కీపర్ వచ్చాడు. నేనూ చెల్లీ అతన్ని పెర్త్ అన్నయ్య అనేవాళ్లం.

గుమ్మంలో అతను ఇంటిపేరు చెప్పగానే మా అమ్మ ముఖం వెలిగిపోయింది. వాళ్ల ముత్తాతలు చెరుకు తోటల్లో పనికి ఫిజీ వెళ్లిన తెలుగువాళ్లు. అక్కడ గొడవలయ్యాక వీళ్ల కుటుంబం పెర్త్‌కి వచ్చేసింది. అతనికి తెలుగు గుప్పెడు మాటలే వచ్చు, మాట్లాడేదంతా ఇంగ్లీషే. అమ్మ, అన్నం, నీళ్లు, చాలు. అవీ వాళ్ల నాయనమ్మ దగ్గర వంటింట్లో నేర్చుకున్నవి. ఆ నాలుగు మాటలకే మా అమ్మ కరిగిపోయింది. ఉన్న వారం రోజులూ అతనికి ఏం వండాలా అన్నదే ఆవిడ ధ్యాస.

మా అమ్మది గోదావరి జిల్లా. వాళ్లింట్లో వడ్డనకి ఒక లెక్కుండేది. అతిథి మొదటిసారి చాలంటే అది మర్యాద, రెండోసారి అంటే మొహమాటం, మూడోసారి అంటేనే నిజం. అప్పటిదాకా గరిటె దించితే వడ్డించేవాళ్ల చెయ్యి చిన్నదని అర్థం. ఆ లెక్క తినేవాళ్లకీ తెలుసు, పెట్టేవాళ్లకీ తెలుసు కాబట్టి అక్కడ ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.

రెండు జట్లూ ఫైనల్‌కి వచ్చాయి. ముందురోజు సాయంత్రం భోజనాల దగ్గర పెర్త్ అన్నయ్య ఒక సంగతి చెప్పాడు. ఫైనల్ చూడటానికి ఇక్కడి పెద్ద క్లబ్ మనిషి ఒకాయన వస్తున్నాడట. అతనికది చదువులో ఆఖరి ఏడు. బాగా ఆడితే ఆ క్లబ్‌లోకి పిలుపు రావచ్చు.

“లేకపోతే ఇంజినీరింగే, ఆంటీ. దట్స్ ఇట్,” అన్నాడు నవ్వుతూ.

“ఎందుకు రాదు నాన్నా, తప్పకుండా వస్తుంది,” అంది మా అమ్మ. వెంటనే తమ్ముడి వైపు తిరిగి, “నువ్వు మాత్రం ఓడిపోకు,” అంది. అందరం నవ్వాం.

ఫైనల్ రోజు పొద్దున పెసరట్టూ ఉప్మా. పెసలు కూడా ఎక్కడో దూరాన ఫిజీ వాళ్ల కొట్లో వెతికి తెప్పించింది. పెర్త్ అన్నయ్య రెండు తిన్నాడు. మూడోది పెనం మీదనుంచి వస్తుంటే, “చాలు, ఆంటీ,” అని పళ్లేనికి అడ్డంగా అరచెయ్యి పెట్టాడు.

ఆ ‘చాలు’ విని మా అమ్మ మురిసిపోయింది. “అబ్బ, ఎంత ముద్దుగా అన్నాడో,” అంటూ అతని మణికట్టు పట్టుకుని చెయ్యి పక్కకి తీసి, ఉప్మా కూరిన అట్టు పళ్లెంలోకి జార్చింది. పైన నెయ్యి వేసింది.

“తిను బ్రో, తిను. నువ్వెంత బరువెక్కితే నాకంత లాభం,” అన్నాడు మావయ్య.

“నోర్ముయ్. తినేవాడికి దిష్టి పెట్టకు,” అంది అమ్మ.

పెర్త్ అన్నయ్య ఒకసారి గడియారం చూశాడు, ఒకసారి మా అమ్మ ముఖం చూశాడు. తినేశాడు. ఆ తర్వాత ఇంకోటి పడింది. అతను మళ్లీ చాలు అనలేదు. ఒకసారి చెప్పిన మాట పనిచెయ్యకపోతే రెండోసారి చెప్పాలని అతనికి ఎవరూ నేర్పలేదు.

మొదటి సగంలో ఎవరూ గోల్ చెయ్యలేదు. విరామంలో అతను గోల్ వెనక యూకలిప్టస్ చెట్టు దగ్గరికి వెళ్లి వంగి నిలబడటం ముందు మా అమ్మే చూసింది. కక్కుకుంటున్నాడు. ఆవిడ ఎస్కీలోంచి, అదే ఐసు పెట్టెలోంచి, చల్లటి మజ్జిగ సీసా తీసుకుని చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. అతను నోరు తుడుచుకుని, “ఆల్ గుడ్, ఆంటీ,” అన్నాడు. ఇంతలో వాళ్ల కోచ్ వచ్చి ఏమైందని అడిగాడు. “కంగారు, అంతే,” అని చెప్పాడు. మా ఇంటి తిండి ఊసెత్తలేదు. మా అమ్మ సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆట మొదలైన కాసేపటికే ఆ గోల్ పడింది. అయ్యాక క్లబ్ మనిషి మైదానంలోకి వచ్చి మా మావయ్యతో చెయ్యి కలిపి కార్డు ఇచ్చాడు. పెర్త్ వాళ్ల వైపు వెళ్లలేదు.

సాయంత్రం మా పెరట్లో బార్బెక్యూ పెట్టారు. జట్టంతా వచ్చింది. మా నాన్న పట్టకారుతో సాసేజ్‌లు తిప్పుతూ, “గోల్ కొట్టింది నువ్వు కాదురా బావమరిదీ, మీ అక్క పెసరట్టు,” అన్నాడు. ఇంగ్లీషులో కూడా చెప్పాడు. అందరూ పగలబడి నవ్వారు. సంచి తీసుకోవడానికి వచ్చిన పెర్త్ అన్నయ్య కూడా నవ్వాడు. మా అమ్మ లేచి బట్టలు ఆరేసే తీగల దగ్గరికి వెళ్లి, ఇంకా ఆరని బట్టలు తియ్యడం మొదలుపెట్టింది.

అతను వెళ్లొస్తానని చెప్పడానికి అక్కడికే వెళ్లాడు. “నీ చెయ్యి నేను తియ్యకుండా ఉండాల్సింది, బాబూ,” అంది మా అమ్మ తెలుగులో. అతనికి అర్థం కాదని గుర్తొచ్చి, తనకొచ్చిన ఇంగ్లీషులో మళ్లీ చెప్పింది.

“నో, నో, ఆంటీ. మావయ్య బాగా కొట్టాడు,” అన్నాడతను. మమ్మల్ని చూసి అతనూ మావయ్య అనడం అలవాటు చేసుకున్నాడు. వంగి ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత తడి బట్టలు మళ్లీ ఆరేస్తూ అమ్మ నాతో ఒక మాట అంది. “మీ మావయ్య గెలవాలని పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ చేతులతోనే వచ్చి అట్టు వేశాను. వేసేటప్పుడు నా మనసులో ఏముందో నాకే తెలీదు.” నాకప్పుడు పదేళ్లు. అమ్మకి తన మనసు తెలియకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. భయం మాత్రం వేసింది.

ఆ రోజునుంచి మా ఇంట్లో కొసరి వడ్డించడం ఆగిపోయింది. గిన్నెలన్నీ బల్ల మీద పెట్టి, “మీకు కావలసింది వేసుకోండి,” అని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. చుట్టాలు వెనక ఏమనుకున్నారో ఆవిడకి తెలుసు. పట్టించుకోలేదు. పుట్టింటి లెక్కని ఆవిడ ఎన్నడూ తప్పుబట్టలేదు. ఆ లెక్క తెలియనివాడి మీద ప్రయోగించడమే తప్పంది. ప్రేమైనా సరే, ముందు అవతలివాడి చెయ్యి చూడమంది.

కొన్నేళ్లకి పెర్త్ అన్నయ్య భార్యాపిల్లలతో సిడ్నీ వచ్చాడు. ఇంజినీరయ్యాడు. పెర్త్ దగ్గర హారిస్‌డేల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. పెసరట్లు తనే అడిగి మరీ వేయించుకుని తిన్నాడు. మా అమ్మ ఉండబట్టలేక ఆ రోజు సంగతి ఎత్తింది. అతను, “అవర్ సీక్రెట్, ఆంటీ. ఆ రోజు గ్రౌండ్ క్యాంటీన్‌లో మీట్ పై కూడా తిన్నాను. అదే తేడా చేసింది,” అన్నాడు. మాంసం కూరి కాల్చిన రొట్టె అది. అమ్మ తలూపింది. అతను వెళ్లాక, “అంత తిన్నవాడు మళ్లీ ఆ మీట్ పై ఎలా తింటాడే? నా మనసు కోసం చెప్పాడు,” అంది.

నేను తర్వాత చాలా ఏళ్లు పత్రికలో ఆటల వార్తలు రాశాను. ఎవరు ఎందుకు ఓడారో మొదటి పేరాలోనే తేల్చెయ్యాలి. ఆ ఫైనల్ గురించి రాయమంటే ఆ పేరా నేను రాయలేను.

ఇప్పుడు నేనుండేది సిడ్నీ శివార్లలో, ద పాండ్స్‌లో. మొన్న మా అబ్బాయి యూనివర్సిటీ ఫైనల్‌కి ముందు, అవతలి జట్టు కుర్రాడొకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. నేను పప్పు వెయ్యబోతే ఆ కుర్రాడు పళ్లెం మీద చెయ్యి పెట్టాడు. గరిటె వెనక్కి తీసుకున్నాను. ఎనభై దాటిన మా అమ్మ కుర్చీలోంచి చూస్తూనే ఉంది.

అతను వెళ్లాక మెల్లగా అడిగింది, “ఆ అబ్బాయికి కడుపు నిండిందంటావా?”

“చాలన్నాడు కదమ్మా.”

“అన్నాడు,” అంది అమ్మ. క్యాంటీన్‌లో ఆ రోజు పెర్త్ అన్నయ్య మీట్ పై తిన్నాడో లేదో మా అమ్మకి ఇప్పటికీ తెలియదు.